గడప దాకా వచ్చిన చరిత్ర: ఇంటి పెద్దల జీవితాన్ని వారి కాలంతో కలిపి రాయడానికి ఒక సమగ్ర మార్గదర్శి

పదవులు చేయని, పత్రికల్లో పేరు పడని, ఊరి పొలిమేర దాటి పట్టుమని పదిసార్లయినా వెళ్ళని ఒక మనిషి జీవితాన్ని రాయాలని కూర్చున్నవారు సాధారణంగా రెండు దారుల్లో ఏదో ఒకదానిలో తప్పిపోతారు. కొందరు పాఠ్యపుస్తకంలోని ఘట్టాలన్నిటినీ వరుసగా పేర్చి, ప్రతి ఘట్టం చివరా "అప్పటికి మా తాతగారికి ఇరవై రెండేళ్ళు" అని ఒక వాక్యం తగిలిస్తారు. మరికొందరు పుట్టుక, పెళ్ళి, పురుళ్ళు, చావులు మాత్రమే రాసుకుపోతారు. చదివేవారికి అవి 1930లో జరిగాయో 1980లో జరిగాయో తెలియదు. మొదటి పద్ధతిలో మనిషి కనిపించడు, రెండో పద్ధతిలో కాలం కనిపించదు.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు నేల మీద బతికిన ఒక సామాన్యుడి లేదా సామాన్యురాలి కథను రాయదలచినవారి కోసం ఈ మార్గదర్శిని సిద్ధం చేశాను. ఇందులో పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: లోకంలో జరిగిన ఫలానా సంగతి ఆ మనిషి గడప దాకా వచ్చిందా, వస్తే ఏ రోజున, ఏ రూపంలో, ఏ దారిన వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధం మన పల్లెల్లో చాలా ఇళ్ళలోకి కిరసనాయిలు కొరతగా ప్రవేశించింది. 1942లో బర్మా జపానువారి చేతుల్లోకి పోయింది, అక్కడినుంచి వచ్చే బియ్యమూ, కిరసనాయిలూ ఆగిపోయాయి. రంగూను ఎక్కడుందో తెలియని ఇంట్లో బుడ్డిదీపం పెందలాడే ఆర్పేయవలసి వచ్చింది. ఆ దీపం దగ్గర మొదలుపెడితే యుద్ధాన్నీ చెప్పవచ్చు, ఆ ఇంటినీ చెప్పవచ్చు.

మొదటి అడుగు: హద్దులు గీసుకోవడం

ఒక మనిషిని ఎంచుకోండి, వంశం మొత్తాన్ని ఎత్తుకోకండి. ఆ మనిషి జీవితంలో కూడా ఏ పాతికేళ్ళ మీద మీకు ఎక్కువ ఆధారాలు దొరుకుతాయో చూసుకుని, మిగతా కాలాన్ని ఆ పాతికేళ్ళకు ముందుమాటగానో వెనుకమాటగానో క్లుప్తంగా చెప్పవచ్చు. తరువాత, ఆ మనిషి బతికిన ఊరు ఆ కాలంలో ఏ పాలనలో ఉండేదో తేల్చుకోండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ తక్కిన పనంతా దీనిమీదే నిలబడుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లాలకూ, నిజాం ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానానికీ, ఫ్రెంచివారి చేతిలోని యానాంకూ చట్టాలు వేరు, కచేరీ భాష వేరు; సంస్థానానికైతే నాణెం కూడా వేరు. పది మైళ్ళ దూరంలో ఉన్న రెండు ఊళ్ళ చరిత్రలు రెండు వేర్వేరు దేశాల చరిత్రలుగా సాగిన సందర్భాలు మనకు ఉన్నాయి.

రెండో అడుగు: కూర్చుని వినడం

మీరు రాయబోయే మనిషి బతికి ఉంటే, గ్రంథాలయానికి వెళ్ళడం వాయిదా వేసి ముందు వారి దగ్గర కూర్చోండి. కాగితాలు వచ్చే ఏడాదికీ ఉంటాయి.

"స్వాతంత్ర్యం వచ్చిన రోజున మీకేమనిపించింది?" వంటి ప్రశ్న వేస్తే, ఆ తరువాతి డెబ్బై ఏళ్ళలో రేడియోలోనూ టీవీలోనూ విన్న మాటలే వారి నోట తిరిగి వస్తాయి. పెద్ద సంఘటన పేరు ఎత్తకుండా వస్తువుల గురించి, పనుల గురించి అడగండి. "అమ్మమ్మా, నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో దీపంలోకి నూనె ఎక్కడినుంచి తెచ్చేవాళ్ళు? దొరకని రోజులు ఉండేవా?" "తాతయ్యా, నీ మొదటి కూలి ఏ డబ్బులో ఇచ్చారు, హాలీ సిక్కానా, కల్దారా?" "ఈ ఊరికి బస్సు రాకముందు పురుటి మనిషిని ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళేవాళ్ళు?" ఇటువంటి ప్రశ్నకు వచ్చే జవాబులో చరిత్ర దానంతటదే ఉంటుంది. కల్దారు అంటే బ్రిటిషు ఇండియా రూపాయి, హాలీ సిక్కా అంటే నిజాం రూపాయి. కల్దారు అన్న మాట వినిపించిందంటే, ఆ రెండింటికీ తేడా తెలిసిన మనిషి మాట్లాడుతున్నారని అర్థం.

ఒక్కరినే కాకుండా, వీలైతే వారి ఈడువారిని, తోబుట్టువులను పక్కన కూర్చోబెట్టండి. ఒకరు మరిచిన పేరును ఇంకొకరు అందిస్తారు, ఒకరు పెంచి చెప్పినదాన్ని ఇంకొకరు సరిదిద్దుతారు. ఆడవారి జీవితం గురించి అడిగేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. భర్తో కొడుకో పక్కన ఉంటే తరచుగా వారే జవాబు చెబుతారు, ఆమె తలూపుతుంది. కనీసం ఒక పూట ఆమె ఒక్కరితోనే, ఆమె చేతిలో ఏదో ఒక పని ఉన్నప్పుడు మాట్లాడండి. చేతులు పనిలో ఉన్నప్పుడు మాట సులువుగా వస్తుంది.

మాటలను ఫోనులో రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. ప్రతి రికార్డు మొదట్లో తేదీ, స్థలం, మాట్లాడేవారి పేరు మీ గొంతుతో చెప్పండి. అదే రోజు ఇంకొక చోట నకలు దాచండి. విన్నదాన్ని కాగితం మీద పెట్టేటప్పుడు వారి యాసను పుస్తక భాషలోకి మార్చకండి. గంటసేపు మాటను రాసుకోవడానికి నాలుగైదు గంటలైనా పడుతుంది. విసుగు పుట్టించే ఈ పనిలోనే, వింటున్నప్పుడు చెవిని దాటిపోయిన ముఖ్యమైన మాటలు దొరుకుతాయి.

ఆ మనిషి ఇప్పుడు లేకపోతే, వారిని ఎరిగినవారి మాటలను మూడు రకాలుగా గుర్తు పెట్టుకోండి: కళ్ళారా చూసినవారు చెప్పినది, ఆ మనిషి నోట విన్నవారు చెప్పినది, ఇంట్లో అందరూ అనుకునేది. మూడోదాన్ని పారేయనక్కరలేదు గానీ, మొదటిదానితో సమానంగా ఎప్పుడూ నిలబెట్టకూడదు.

మూడో అడుగు: తేదీలను పట్టుకోవడం

ఈ పనిలో నాకు అన్నిటికంటె ఇష్టమైన భాగం ఇదే. మన పెద్దవారికి తేదీలు గుర్తుండవని అనుకోవడం పొరపాటు. వారి తేదీలు వేరే లెక్కలో ఉంటాయి, ఆ లెక్కను మన లెక్కలోకి మార్చుకోవడం మన బాధ్యత.

మొదటిది సంవత్సరాల పేర్లు. 60 ఏళ్ళ చక్రంలో ప్రభవ 1927 ఉగాదికి మొదలైంది, మళ్ళీ 1987లో వచ్చింది. అక్కడినుంచి వరుసగా లెక్కపెట్టుకుంటే 1942-43 చిత్రభాను, 1947-48 సర్వజిత్తు, 1952-53 నందన, 1977-78 పింగళ అవుతాయి. సంవత్సరం ఉగాదికి మారుతుంది కనుక, "సర్వజిత్తు మాఘమాసం" అంటే 1948 తొలి నెలలని గుర్తుంచుకోవాలి. పాత శుభలేఖల మీద సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం అన్నీ ఉంటాయి. నాలుగూ ఒకదానితో ఒకటి సరిపోయాయంటే తేదీ దొరికినట్టే. కరువుల పేర్లలో కూడా ఈ చక్రం ఉంది. ధాతు కరువు అని పెద్దలు చెప్పుకున్నది 1876లో మొదలైన ధాతు నామ సంవత్సరపు కరువు.

రెండోది ఫసలీ, అంటే భూమి శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరం. భూమి కాగితాల మీద కనిపించే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1357 అంటే 1947లో మొదలై 1948లో ముగిసిన ఏడాది. కోస్తా, రాయలసీమ జిల్లాలలో అది జులై 1న మొదలయ్యేది. హైదరాబాదు సంస్థానంలో అక్టోబరు తొలివారంలో, ఆజూరు నెలతో మొదలయ్యేది. ఈ మూడు నెలల తేడా తెలియకపోతే, 1948లో భారత సైన్యం సంస్థానం మీద జరిపిన పోలీసు చర్యకు ముందు రాసిన కాగితాన్ని తరువాతిదిగా పొరబడే ప్రమాదం ఉంది.

మూడోది కార్తెలు. కార్తెలు సూర్యుడి లెక్కలో నడుస్తాయి కనుక ఏటా ఇంచుమించు అవే తేదీల్లో వస్తాయి. రోహిణి కార్తె మే చివరి వారంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. "మృగశిరలో విత్తనాలు చల్లుతుంటే మీ నాన్న పుట్టాడు" అన్న మాట స్కూలు రిజిస్టరులోని పుట్టినరోజు కంటె ఎక్కువ నమ్మదగినది కావచ్చు.

పీర్ల పండుగ ఇంకొక మంచి ఆధారం. హిజ్రీ సంవత్సరం చంద్రుడి లెక్క కాబట్టి పండుగ ఏటా కిందటేటికంటె సుమారు పదకొండు రోజులు ముందుగా వస్తూ, దాదాపు 33 ఏళ్ళకు మళ్ళీ అదే ఋతువులోకి వస్తుంది. నడివేసవిలో పీర్లు ఎత్తిన ఏడు తనకు పెళ్ళయిందని ఒక పెద్దమనిషి చెబితే అది 1930ల తొలి సంవత్సరాలో, 1960ల మధ్యభాగమో అయి ఉండాలి. రెండింటిలో ఏదో వారి వయసు చూస్తే తెలిసిపోతుంది. పుష్కరాలు కూడా ఇలాగే ఉపయోగపడతాయి. గోదావరికి 1979, 1991, 2003, 2015 సంవత్సరాల్లోనూ, కృష్ణకు 1980, 1992, 2004, 2016 సంవత్సరాల్లోనూ వచ్చాయి. ఇంకా వెనక్కి వెళ్ళేటప్పుడు పన్నెండేసి తీసుకుంటూ పోకుండా ఆనాటి పంచాంగం చూడాలి, ఎందుకంటే గురువు రాశిచక్రం చుట్టడానికి పన్నెండేళ్ళకు కొంచెం తక్కువ కాలమే పడుతుంది.

ఇక ఇంటి లెక్క. "పెద్దవాడు కడుపులో ఉండగా", "రెండోది పాకుతున్నప్పుడు" అన్న మాటలు తల్లి విషయంలో చాలా గట్టి ఆధారాలు. పిల్లల వయసుల మధ్య తేడాలను ఒక గీత మీద గుర్తించి, వాటి మధ్య ఆమె చెప్పిన సంగతులను అమర్చితే ఆమె జీవితకాలంలో చాలా భాగం స్థిరపడుతుంది.

ఈ లెక్కలన్నీ కలిసినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. గోదావరి ప్రాంతపు ఒక ముసలామె తన కూతురితో ఇలా చెప్పిందనుకుందాం: "నాకు ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఆ మాఘ, ఫాల్గుణాల్లో మా ఊళ్ళో ఎటు చూసినా పెళ్ళిపందిళ్ళే. ఎందుకంత తొందరపడ్డారో మాకెవరూ చెప్పలేదు." ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్న శారదా చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ గడువు లోపల పిల్లల పెళ్ళిళ్ళు చేసేయాలని దేశమంతటా తల్లిదండ్రులు హడావిడి పడ్డారు. కాబట్టి ఆ పెళ్ళి శుక్ల నామ సంవత్సరంలో, అంటే 1930 తొలి నెలల్లో జరిగి ఉండడానికి అవకాశం ఎక్కువ. అదే ఆమె "మా పెళ్ళి మా ఊళ్ళో చేయలేదు, యానాం తీసుకెళ్ళి చేశారు" అని ఉంటే, చట్టం అమలైన తరువాత అయి ఉండాలని ఊహించవచ్చు. బ్రిటిషు చట్టం చెల్లని ఆ ఫ్రెంచి ఊరికి చుట్టుపక్కలవారు పిల్లల పెళ్ళిళ్ళ కోసం వెళ్ళేవారు, అందుకే దానికి కల్యాణపురం అన్న పేరు వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లకు అర్థం కాని తొందర వెనుక ఎక్కడో దూరాన చేసిన చట్టం ఉంది. అయితే, జాతకమో శుభలేఖో రెండో సాక్ష్యంగా దొరికేదాకా దీన్ని ఊహగానే ఉంచాలి.

నాలుగో అడుగు: కాగితాలు వెతకడం

ట్రంకు పెట్టెతో మొదలుపెట్టండి. జాతక చక్రాలు, శుభలేఖలు, ప్రామిసరీ నోట్లు, చిట్టాపద్దులు, పాత పంచాంగాల అంచుల్లో రాసుకున్న పురుళ్ళు, మైలలు, అప్పులు, పోస్టుకార్డు మీది ముద్ర, ఫొటో వెనుక స్టూడియో పేరు, ఇవన్నీ మాట్లాడతాయి. దేన్నీ ఉన్నచోటినుంచి పట్టుకుపోకండి, అక్కడే ఫొటో తీసుకోండి; ఏ కాగితం ఏ కాగితం పక్కన మడిచి ఉందో కూడా రాసుకోండి.

స్కూలు రిజిస్టరులోని పుట్టిన తేదీని నమ్మే ముందు ఆలోచించాలి. పిల్లవాణ్ణి బడిలో వేసిన రోజున పంతులుగారు చూసి వేసిన తేదీలు ఆ తరంలో లెక్కలేనన్ని ఉన్నాయి. అందువల్లనే ఒక తరం మొత్తానికి పుట్టినరోజులు జూన్, జులై నెలల్లో ఉన్నట్టు కనిపిస్తాయి.

సామాన్యుడి పేరు ప్రభుత్వ కాగితాలలో ఎక్కువగా కనిపించేది భూమి దగ్గరే. ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే గ్రామ లెక్కలను, అంటే కోస్తా, సీమ ప్రాంతాలలో అడంగళ్ళను, తెలంగాణలో పహాణీలను చూడాలి. తెలంగాణకు సంబంధించి 1954-55 నాటి ఖాస్రా పహాణీ చాలా ముఖ్యమైన ఆధారం, ఎందుకంటే ఎవరి పేరున పట్టా ఉందో, ఎవరు నిజంగా దున్నుతున్నారో రెండూ అందులో కనిపిస్తాయి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, హైదరాబాదులో 1949 నాటి జాగీర్ల రద్దు, 1950 నాటి కౌలుదారీ చట్టం, 1973 నాటి భూపరిమితి చట్టం, వీటిలో ఏది మీ మనిషి చేతిలోకి భూమిని తెచ్చిందో, ఏది తీసుకుపోయిందో ఈ కాగితాలను వరుసగా చూస్తే తెలుస్తుంది. ఏ చట్టమూ ఏ భూమినీ తీసుకురాలేదని కూడా తెలియవచ్చు, కూలివారి ఇళ్ళలో తరచుగా తెలిసేది అదే. ఆ శూన్యాన్ని రాయండి. ఊరంతటి పేర్లూ ఉన్న పుస్తకంలో ఒక కుటుంబం పేరు ఎక్కడా లేకపోవడం కూడా ఆ కుటుంబపు చరిత్రే.

సంస్థానపు రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉంటాయి. చదవగల పెద్దవారు ప్రతి జిల్లాలోనూ ఇంకా ఉన్నారు, వారిని వెతుక్కుని వెళ్ళడం మంచిది. పాత సంస్థానపు దస్త్రాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ, మద్రాసు ప్రెసిడెన్సీ దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. పాత పత్రికల కోసం వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం, హైదరాబాదులో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వంటి గ్రంథాలయాలను చూడండి. ప్రెస్ అకాడమీవారు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ పత్రిక వంటివాటి పాత సంచికలను స్కాన్ చేయించారు. పత్రికలో పెద్ద శీర్షికలను దాటి ధరల పట్టికలు, రేషను ప్రకటనలు, రైళ్ళ వేళలు, వానల వార్తలు చదవండి. మీ మనిషి ఉదయం లేచి ఎదుర్కొన్నవి అవి.

జనాభా లెక్కల్లో వ్యక్తుల వివరాలు చట్టరీత్యా ఎవరికీ చూపించరు. అయితే 1951 నుంచి వచ్చిన జిల్లా చేతిపుస్తకాలలో ఊళ్ళ వివరాలు ఉంటాయి. 1961 జనాభా లెక్కలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన కొన్ని గ్రామాల మీద విడివిడిగా పుస్తకాలు కూడా ప్రచురించారు. మీ ఊరు ఆ జాబితాలో ఉంటే అది మీ అదృష్టం.

ఐదో అడుగు: మూడు గడుల పట్టిక

ఇప్పుడు ఒక పెద్ద కాగితం తీసుకుని నిలువునా మూడు గడులు గీయండి. మొదటి గడిలో లోకంలో జరిగినది, మూడో గడిలో ఇంట్లో జరిగినది రాయండి. నడిమి గడి చాలామంది వదిలేసేది, నా దృష్టిలో అన్నిటికంటె విలువైనది: మొదటిది మూడోదాని దాకా ఏ దారిన వచ్చిందో అక్కడ రాయాలి. ధర, రేషను కార్డు, పన్ను, రోడ్డు, కాలువ, బడి, రేడియో, సంతలో వచ్చే మాట, సైన్యంలో చేరిన పక్కింటి కుర్రవాడు, తిరిగి వచ్చిన వలస బంధువు, ఇవే ఆ దారులు.

కాకినాడ దగ్గరి ఒక ఊరిని తీసుకుందాం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మొదటి గడిలో అది ఒక్క వాక్యం. నడిమి గడిలో, పట్నం వదిలి మూటాముల్లెతో పల్లెలకు చేరిన చుట్టాలు. మూడో గడిలో, అయిదుగురికి వండే పొయ్యి మీద ఇరవైమందికి వండవలసి వచ్చిన ఆ ఇంటి కోడలు. ఎనిమిదో ఏట పెళ్ళయిన మన గోదావరి అమ్మాయికి అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆమె ఇంటికి ఎవరైనా వచ్చారా, ఎన్నాళ్ళున్నారు, ఎక్కడ పడుకున్నారు అని ఆమె కూతురిని అడగవలసిన ప్రశ్నలు ఈ పట్టికలోనుంచే పుడతాయి.

నడిమి గడి ఖాళీగా ఉంటే, ఆ సంఘటన ఆ జీవితంలోకి రాలేదని అర్థం. ఖాళీని ఖాళీగానే ఉంచే ధైర్యం కావాలి.

సంఘటనకూ, అది గడప చేరిన రోజుకూ మధ్య ఉన్న దూరాన్ని కూడా రాసుకోండి. నల్లగొండ జిల్లాలో ఒక రైతుకు 1947 ఆగస్టు 15 స్వాతంత్ర్య దినం కాలేదు. సంస్థానం భారతదేశంలో చేరలేదు. ఆ తరువాతి పదమూడు నెలలు రజాకార్ల భయంలో గడిచాయి. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. అయినా సాయుధ పోరాటం జరుగుతున్న ఊళ్ళలో గొడవ అక్కడితో ఆగలేదు, పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. కాబట్టి ఆ రైతు కథలో మొదటి గడిలోని ఒక్క తేదీకి మూడో గడిలో నాలుగేళ్ళు పడతాయి. కాలువ విషయంలో ఈ దూరం ఇంకా ఎక్కువ. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, కాలువలకు నీరు వదిలింది 1967 ఆగస్టులో. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లవాడు ఆ నీళ్ళలో ఈత నేర్చుకునేసరికి పన్నెండో ఏడు నడుస్తూ ఉంటుంది. జలాశయం కింద ఊరు మునిగినవారికి ఆ పన్నెండేళ్ళు ఇల్లు వదలడానికి ఎదురుచూసిన ఏళ్ళు.

ఆరో అడుగు: వదిలేయవలసినవి

పట్టిక నిండిన తరువాత దానిలో సగం కొట్టేయవలసి వస్తుంది. ఆసక్తికరమైన జాతీయ విషయం కనిపించగానే దాన్ని మన మనిషికి అంటగట్టాలన్న కోరిక బలంగా ఉంటుంది. ఉదాహరణకు, 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాల్లోనుంచి సుమారు 28 లక్షలమంది ఆడవారిని తొలగించారు, ఎందుకంటే వారు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని నమోదయ్యారు. మనసును కలచే ఈ సంగతిని మన గోదావరి అమ్మాయి కథలో చేర్చాలనిపిస్తుంది. కానీ ఆ తొలగింపులు ఎక్కువగా జరిగింది ఉత్తరాది రాష్ట్రాల్లో. ఆమె ఓటు వేసిందో లేదో, జాబితాలో ఆమె పేరు ఎలా ఉందో ఆధారం దొరికేదాకా ఈ సంగతికి ఆమె కథలో చోటు లేదు.

ఏడో అడుగు: డబ్బు, కొలతలు

దీన్ని త్వరగా చెప్పి ముగిస్తాను. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి 16 అణాలు, 64 పైసలు. ఆ రోజునుంచి 100 నయా పైసలు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. మానిక, తవ్వ, కుంచం, పుట్టి, వీశె, మణుగు వంటి కొలతలు ప్రాంతానికి ఒక రకంగా ఉండేవి కాబట్టి అన్నిటినీ కిలోల్లోకి మార్చకండి. పాత ధరను ఇప్పటి రూపాయల్లోకి మార్చడం వల్ల కూడా ఏమీ తెలియదు. ఆ డబ్బుకు ఎన్ని రోజుల కూలి సమానమో, ఎన్ని కుంచాల ధాన్యం వచ్చేదో చెబితే చదివేవారికి బరువు తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: చెప్పనివాటి దగ్గర నిలబడడం

కులం గురించి రాయకుండా ఈ నేల మీద ఏ సామాన్యుడి చరిత్రా పూర్తి కాదు. ఏ బావిలో తోడుకున్నారు, బడిలో ఎక్కడ కూర్చున్నారు, వెట్టి చేశారా, చేయించుకున్నారా అన్నది కులమే నిర్ణయించింది. మనది చేయించుకున్న ఇల్లయితే ఆ సంగతి కూడా అంతే స్పష్టంగా రాయాలి. ఇది కష్టమే, కానీ ఇక్కడ మెత్తబడితే మిగతా పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

గొడవల రోజుల గురించి, ముఖ్యంగా ఆడవారి మీద జరిగిన దౌర్జన్యాల గురించి మాట్లాడేటప్పుడు వారు ఆగినచోట మనమూ ఆగాలి. రికార్డు ఆపమంటే ఆపాలి, ఇది రాయవద్దంటే రాయకూడదు. "ఆ రెండేళ్ళ గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు" అన్న వాక్యం ఒక పేజీ కంటె ఎక్కువ చెబుతుంది, అదీగాక అది నిజం. బతికి ఉన్నవారి ఆస్తి తగాదాలు, పెళ్ళి గొడవలు ఆ కాలాన్ని అర్థం చేసుకోవడానికి అవసరమైతే తప్ప ఎత్తవద్దు; ఎత్తితే పేర్లు తీసేయండి.

తొమ్మిదో అడుగు: రాయడం

పుట్టుకతో మొదలుపెట్టనక్కరలేదు. పట్టికలో నడిమి గడి అన్నిటికంటె నిండుగా ఉన్న రోజును చూసుకుని అక్కడ మొదలుపెట్టండి. ముందు ఇల్లు, పొయ్యి, చేతిలో పని. ఆ పనికి అడ్డం వచ్చిన వార్త. ఆ వార్త వెనుక లోకం. ఈ వరుస తలకిందులైతే మళ్ళీ పాఠ్యపుస్తకం మొదలవుతుంది. చరిత్ర గురించి ఒకేచోట మూడు నాలుగు వాక్యాలకు మించి రాయవలసి వస్తే, ఆ మనిషిని విడిచి దూరం వచ్చేశామేమో చూసుకోండి.

ఆనాటికి తెలియనిది తెలిసినట్టు రాయకూడదు. 1942 ఏప్రిల్‌లో కాకినాడ నుంచి బండి కట్టుకుని బయలుదేరిన కుటుంబానికి జపానువారు ఈ తీరంలో దిగరని తెలియదు. మనకు తెలుసు. మన తెలివిడిని పక్కన పెట్టి వారి భయాన్ని వారి కొలతలోనే రాయాలి.

ఏది నిశ్చయమో, ఏది వినికిడో చెప్పడానికి మన భాష చక్కని వసతి ఇచ్చింది. కాగితం సాక్ష్యం ఉన్నదాన్ని "అమ్మారు", "వెళ్ళారు" అని తేటగా రాయండి. ఇతరుల నోట విన్నదానికి "అమ్మారట", "వెళ్ళారట" అనండి. మన ఊహను "అమ్మి ఉండాలి", "వెళ్ళి ఉంటారు" అని చెప్పండి. ఈ మూడు క్రియారూపాలను పుస్తకమంతా పట్టు వదలకుండా పాటిస్తే, పేజీపేజీకీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. ఒక్కొక్క మాట ఎంత గట్టిదో పాఠకుడికి వాక్యం చివరే తెలిసిపోతుంది. రాత ముగిసిన తరువాత ఈ ఒక్క దృష్టితోనే మరొకసారి చదువుకోండి. రాసే ఉత్సాహంలో "ట"లు రాలిపోతూ ఉంటాయి.

వారి మాటలను యథాతథంగా ఉటంకించేటప్పుడు యాసను అలాగే ఉంచండి, మీ కథనాన్ని మాత్రం మీ భాషలోనే నడపండి. ఆడవారిని పేరుతో రాయండి. మూడు వందల ఎకరాల లెక్కలున్న ఇంటి కాగితాల్లో కూడా కోడలి పేరు దొరకకపోవచ్చు. ఆమె పుట్టింటివైపు వెళ్ళి అడగండి, అక్కడ పిలుపు పేరైనా చెబుతారు.

పదో అడుగు: చదివి వినిపించడం

చిత్తుప్రతిని ఇంటివారికి చదివి వినిపించండి, చదువుకోమని ఇచ్చి ఊరుకోకండి. వింటున్నప్పుడు "అది కాదు, ఆ ఏడు వాన పడనేలేదు" అని ఎవరో ఒకరు అడ్డుపడతారు. రెండు జ్ఞాపకాలు పొసగకపోతే, కాగితం ఒకదాని పక్షాన నిలిస్తే తప్ప తీర్పు చెప్పకుండా రెండింటినీ ఉంచండి. చివరగా రికార్డులు, కాగితాల ఫొటోలు, మూడు గడుల పట్టిక ఒకే పెట్టెలో, ఏది ఎవరు చెప్పారో రాసిన చీటీతో సహా పెట్టి, ఇంట్లో మీకంటె చిన్నవారికి ఒకరికి అదెక్కడుందో చెప్పండి. పట్టికలో నడిమి గడి ఖాళీగా మిగిలిన వరుసలకు ఎర్రసిరాతో గుర్తు పెట్టి ఉంచండి. వాటిలో ఒకటి రెండింటికి జవాబు ఏ మేనత్త మనవరాలి దగ్గరో ఉండి ఉంటుంది.